థార్, బొలెరో, వి-క్రాస్‌లకు ఆఫ్‌రోడ్ లైట్లు: వైరు కొనడం నుంచి బీమ్ సర్దడం దాకా

పొలం గట్ల పక్క బండ్ల బాటలోనో, వాగు దిగి తోటకు ఎక్కే దారిలోనో, రిజర్వాయరు అంచున మట్టి దారిలోనో రాత్రిపూట బండి నడిపేవారికి కంపెనీ హెడ్‌లైట్ల లోటు తొందరగానే తెలిసిపోతుంది. వాటిని తయారు చేసింది తారు రోడ్డు కోసం. వెలుగు తిన్నగా ముందుకు పోతుంది గానీ మలుపు లోపలి వైపున్న గుంత కనిపించదు, ముందు చక్రానికి పక్కగా పొంచి ఉన్న బండరాయి కనిపించదు. ఆ లోటు తీర్చడానికే అదనపు లైట్లు.

అయితే ఈ పనిలో లైటు కొనడం చిన్న భాగం. వైరు, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, ఆపే స్విచ్చు), ఎర్త్ (కరెంటు బండి ఇనుప బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరే దారి) ఈ నాలుగూ సరిగ్గా కుదిరితే మామూలు లైటు కూడా ఏళ్ల తరబడి వెలుగుతుంది. ఇవి కుదరకపోతే ఖరీదైన లైటు కూడా మసకగానే ఉంటుంది, ఒక్కోసారి బానెట్ కింద మంటలకూ దారితీస్తుంది. అందుకే ఇక్కడ లైట్ల రకాల గురించి కొంతే చెప్పి, వైరింగ్ గురించి ఎక్కువ చెబుతాను.

ఈ పద్ధతి 12 వోల్టుల బ్యాటరీ ఉన్న ఏ బండికైనా సరిపోతుంది. మహీంద్రా థార్, బొలెరో, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా, మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్, ఏదైనా సరే. ఉదాహరణకు బంపర్ దగ్గర ఒక జత ఎల్‌ఈడీ లైట్లు బిగించి, వాటిని హై బీమ్‌తో ముడిపెట్టే పనిని తీసుకుందాం. 24 వోల్టుల లారీలకు ఇక్కడి లెక్కలు వర్తించవు.

ముందుగా చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బండి ముందు ఇనుప గార్డు వేయించి దాని మీద లైట్లు పెట్టాలనుకునేవారు ఇంకో సంగతి గమనించాలి. ఆ గార్డులు 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. కాబట్టి లైట్ల కోసం గార్డు వేయించకండి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన ఎదుటివారి కంటి గురించి కొలతలతో సహా చెబుతుంది. లైటుకు 8 మీటర్ల ముందు, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కన్ను చెదరకూడదు. ఆ ఎత్తు ఇంచుమించు మోటారు సైకిలు నడిపేవారి కంటి ఎత్తే. రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా లైట్ బార్ (వరుసగా లైట్లున్న పొడవాటి పట్టీ) వెలిగితే ఆ మనిషికి కొన్ని క్షణాల పాటు రోడ్డు అంచు కూడా కనిపించదు. మన రోడ్ల మీద రాత్రిళ్లు ఎక్కువగా తిరిగేది వారే.

అందువల్ల ఈ లైట్లు ప్రజా రహదారి మీద వెలగకూడదు, అక్కడ వాటికి మూతలు ఉండాలి. సొంత పొలం, ప్రైవేటు స్థలం, అనుమతి ఉన్న ఆఫ్‌రోడ్ ట్రాక్ వరకే వాటి పని. బిగించే ముందు మీ ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. బాడీని కోయకుండా, వెల్డింగ్ చేయకుండా, విప్పితే బండి మళ్లీ యథాస్థితికి వచ్చేలా బిగించండి.

అడవి దారుల్లో వీటి అవసరమే రాకూడదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలు ఆపేది పులుల అభయారణ్యం కోసమే. అడవిలో రాత్రిపూట బలమైన లైట్లు వేసుకుని తిరిగే బండిని చూస్తే అటవీ సిబ్బందికి ముందుగా కలిగే అనుమానం వేట. ఆ అనుమానం న్యాయమైనదే.

ఎలాంటి వెలుగు కావాలి

దుకాణంలో ముందుగా చూపించేది ఎంత దూరం కొడుతుందన్నదే. మీకు కావలసిన దూరం ఎంతో మీరే లెక్క కట్టుకోండి. మట్టి దారిలో గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డం చూసి బ్రేకు తొక్కడానికి సెకనున్నర పడితే దాదాపు 17 మీటర్లు, వదులు నేల మీద బండి ఆగడానికి ఇంకో 15 మీటర్లు, మొత్తం 32 మీటర్ల పైచిలుకు. అంతకు రెట్టింపు దూరం కనిపిస్తే చాలు. మన దారుల్లో చాలాచోట్ల వేగం 20 కూడా దాటదు. అక్కడ 400 మీటర్ల అవతలి చెట్టు కొమ్మ కనిపించి ప్రయోజనం లేదు, చక్రాల పక్కన ఏముందో కనిపించాలి. అందుకే మొదటి జతగా వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ బీమ్ గానీ, మధ్యస్థంగా ఉండే డ్రైవింగ్ బీమ్ గానీ తీసుకోమంటాను. సన్నగా దూరం పోయే స్పాట్ బీమ్ రాజస్థాన్ ఇసుక మైదానాల్లో వేగంగా నడిపేవారికి పనికొస్తుంది.

పెట్టె మీద రాసిన లుమెన్ల (వెలుగు కొలమానం) అంకెను అలాగే నమ్మకండి. మంచి ఎల్‌ఈడీ లైటు వాట్‌కు సుమారు 100 నుంచి 150 లుమెన్ల వెలుగు ఇస్తుంది. 30 వాట్ల లైటు మీద 10,000 లుమెన్లని రాసి ఉంటే ఆ అంకె అబద్ధమే. ఆ 30 వాట్లు నిజమో కాదో కూడా చూడవచ్చు. దుకాణంలోనే మల్టీమీటరును ఆంపియర్లకు మార్చి లైటు తీగకు వరుసలో కలపండి. 12 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు లాగితేనే అది 30 వాట్ల లైటు.

నీటి రక్షణకు ఐపీ67 కన్నా తక్కువది వద్దు. అది ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటగలదని కంపెనీ చెబుతుంది. ఆ లోతులో బంపర్ లైట్లు నీళ్లలోనే ఉంటాయి.

రంగు విషయంలో వాదనలు చాలా ఉన్నాయి. పొగమంచులోని నీటి బిందువులు కాంతి తరంగాల కన్నా ఎంతో పెద్దవి, కాబట్టి పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందన్న మాట నిలబడదు. లంబసింగి, అరకు వైపు చలికాలం తెల్లవారుజామున తేడా చూపేది లైటు ఎత్తు, బీమ్ ఆకారం. లైటు కిందుగా, పైభాగం కత్తిరించినట్టు వెడల్పుగా ఉంటే కంటి ఎదుట తెల్ల తెర లేవదు. దుమ్ములోనూ అంతే. అయినా 6,000 కెల్విన్ల (వెలుగు రంగు కొలమానం) నీలి తెలుపు కన్నా 4,300 దగ్గరి వెచ్చని తెలుపే ఎక్కువసేపు నడిపేటప్పుడు కంటికి హాయిగా ఉంటుందన్నది నా అభిప్రాయం.

ఇదే కారణంతో పైకప్పు మీద లైట్ బార్‌ను మొదటి ఎంపికగా చెప్పను. ఆ వెలుగు బానెట్ మీద పడి తిరిగి కళ్లలోకే కొడుతుంది. ముందు బండి లేపిన దుమ్ములో అయితే ఎదురుగా గోడ కట్టినట్టే.

సామాను

రెండు 30 వాట్ల లైట్లంటే మొత్తం 60 వాట్లు, అంటే సుమారు 5 ఆంపియర్లు. ఈ లెక్కకు 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు, బ్లేడు ఫ్యూజుల్లో అది ఎరుపు రంగుది. 55 వాట్ల హాలోజెన్ జత అయితే 9 ఆంపియర్ల పైన లాగుతుంది, దానికి నీలం రంగు 15 ఆంపియర్లది వేయాలి. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. అది మాటిమాటికీ పోతుంటే పెద్దది వేయకుండా ఎక్కడ లోపం ఉందో వెతకాలి.

వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, బండ్లకు వాడేదే తీసుకోండి. ఇంటి వైరింగుకు వాడే వైరులో పోగులు తక్కువగా, లావుగా ఉంటాయి. ఇంజను అదురుకు అవి తెగుతాయి, వేడికి తొడుగు త్వరగా పెళుసుబారుతుంది. సన్న వైరు వల్ల జరిగే నష్టం ఎంతో చూడండి. 10 ఆంపియర్లు లాగే హాలోజెన్ జతకు, రానుపోను 6 మీటర్ల వైరు 1 చదరపు మిల్లీమీటరుదైతే దారిలోనే ఒక వోల్టు పోతుంది. హాలోజెన్ బల్బుకు ఒక వోల్టు తగ్గితే వెలుగులో దాదాపు నాలుగో వంతు పోతుంది. అదే 2.5 వైరులో పోయేది 0.4 వోల్టు మాత్రమే.

లైట్లతో పాటు ఇచ్చే రెడీమేడ్ హార్నెస్‌లను (ముందే జత చేసిన వైర్ల కట్టలను) కొనే ముందు పరీక్షించండి. చివరన ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించిందంటే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అదే మందానికి తక్కువ కరెంటు మోస్తుంది, తేమ తగిలితే లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) దగ్గర పొడిగా రాలిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో అలాంటి హార్నెస్ అసలే వద్దు.

మిగతావి 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలే, నీరు చొరని ఫ్యూజు హోల్డరు, డాష్‌బోర్డు స్విచ్చు, రాగి లగ్గులు, లగ్గును వైరు మీద నొక్కి బిగించే క్రింపింగ్ పట్టకారు, వేడికి ముడుచుకునే, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ ట్యూబు, గరుకు ప్లాస్టిక్ స్లీవు, రంధ్రం అంచుకు వైరు రాసుకోకుండా తొడిగే రబ్బరు గ్రామెట్టు, కేబుల్ టైలు, స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ రింగు ఉన్న లాక్ నట్లు, మల్టీమీటరు.

లైటు బిగించడం

ఇంజను ఆపి, చల్లారాక బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. ముందు ప్లస్ విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. టెర్మినల్ తీస్తే గడియారం, రేడియో సెట్టింగులు పోవచ్చు. పవర్ విండోల ఆటో సర్దుబాటు కూడా మళ్లీ చేసుకోవాల్సి రావచ్చు.

బంపర్ వెనక ఛాసిస్‌కు ముందే ఉన్న బోల్టు రంధ్రాలు వెతకండి. నంబరు ప్లేటు వెనక నుంచి వచ్చే పలుచటి బ్రాకెట్టు గతుకుల్లో ఊగుతుంది, దాంతో పాటు వెలుగూ ఊగుతుంది. కనీసం 3 మిల్లీమీటర్ల ఇనుప బ్రాకెట్టు ఉండాలి. లైటు రేడియేటరుకు గాలి అడ్డుకోకూడదు, నంబరు ప్లేటును కప్పకూడదు, టో హుక్‌కు తాడు కట్టడానికి అడ్డం రాకూడదు. ఎయిర్‌బ్యాగ్‌ల ముందు వైపు సెన్సర్లు బంపర్ వెనకే ఉంటాయి. వాటిని కదపకండి, వాటి దగ్గర డ్రిల్లు పెట్టకండి.

బోల్టులను ఇప్పుడు చేతి బిగువుతోనే వదిలేయండి. చివరి బిగింపు బీమ్ సర్దిన తర్వాత.

వైరింగ్

రిలే అడుగున నాలుగు అంకెలు ఉంటాయి, పని మొత్తం వాటిలోనే ఉంది. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు. 87 నుంచి రెండు లైట్ల ప్లస్‌లకు పోయే లావు వైరు. 86, 85 లోపలి కాయిల్ చివరలు. వాటిలో ఒకదానికి స్విచ్చు నుంచి వచ్చే సన్న వైరు, రెండోదానికి ఎర్త్. కాయిల్ లాగేది 0.2 ఆంపియర్ల లోపే. అంటే డాష్‌బోర్డులోని స్విచ్చు మీద లైట్ల భారం పడదు. అయిదు కాళ్ల రిలే దొరికితే మధ్యలో ఉండే 87ఎను ఖాళీగా వదిలేయండి. పొరపాటున లైటును దానికి కలిపితే స్విచ్చు ఆపినప్పుడు వెలుగుతుంది, తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఫ్యూజు హోల్డరు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న వైరు బాడీకి రాసుకుంటే బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి, ఆపడానికి దారిలో ఏదీ ఉండదు. బండ్లు కాలిపోయేది ఇలాంటి చోటే.

రిలేను కాళ్లు కిందికి ఉండేలా, రేడియేటరు సపోర్టుకు గానీ ఫెండరు లోపలి అంచుకు గానీ బిగించండి. అప్పుడు నీళ్లు పడినా జారిపోతాయి. వైరు మొత్తాన్ని గరుకు స్లీవులో పెట్టి, కంపెనీ హార్నెస్ వెళ్లే దారినే తీసుకెళ్లండి. టర్బో, సైలెన్సర్ మానిఫోల్డు, ఫ్యాను, బెల్టు వీటికి దూరంగా ఉంచండి. దాదాపు ప్రతి జానకూ ఒక టై వేయండి.

ఎర్త్ విషయంలో అశ్రద్ధ ఎక్కువగా చూస్తుంటాం. లైటు వెలిగీ వెలగనట్టు ఉందంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు అక్కడే. ఛాసిస్ మీద ఒక బోల్టు చోటు ఎంచుకుని, గరుకు కాగితంతో పెయింటు పోయి ఇనుము మెరిసేదాకా రుద్దండి. లగ్గు, పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు గానీ పెయింటు గానీ పూయండి. కొత్త బండ్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీదే కరెంటు కొలిచే సెన్సరు ఉంటుంది. ఎర్త్‌ను నేరుగా ఆ టెర్మినల్‌కు కలిపితే మీ లైట్లు వాడే కరెంటు దాని లెక్కలోకి రాదు. అందుకే ఛాసిస్‌కే కలపండి.

అతుకులన్నీ క్రింపింగే. లగ్గు నొక్కాక గట్టిగా లాగి చూడండి, ఊడివచ్చేదైతే ఇప్పుడే రావాలి. ఆపైన హీట్ ష్రింక్ వేడి చేస్తే జిగురు అంచుల నుంచి కొద్దిగా బయటికి రావాలి, నీరు చొరదనడానికి అదే గుర్తు. వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టే పద్ధతి వద్దు. మన ఎండలకు టేపు జిగురు కరిగి వదులవుతుంది.

హై బీమ్‌కు ముడిపెట్టడం

ఈ లైట్లకు విడిగా ఒక స్విచ్చు ఉంటే సరిపోదు. ఎదురుగా ఎవరైనా వస్తే డిప్పర్ కొట్టగానే ఇవీ ఆరిపోవాలి. కాయిల్‌కు వెళ్లే సన్న వైరును హై బీమ్ నుంచి తీసుకుంటే ఆ పని దానంతట అదే జరుగుతుంది. స్విచ్చు ఆపి ఉంటే హై బీమ్ వేసినా ఇవి వెలగవు. రోడ్డు మీద స్విచ్చు ఆపే ఉంచాలి.

హాలోజెన్ హెడ్‌లైట్ ఉన్న బండిలో బల్బు వెనక మూడు తీగలు వస్తాయి. మైనస్ టెర్మినల్ తాత్కాలికంగా కలిపి, మల్టీమీటరు నల్ల కడ్డీని బాడీకి పెట్టి, ఎర్ర కడ్డీతో ఒక్కొక్క తీగనూ చూడండి. హై బీమ్ వేసినప్పుడు మాత్రమే 12 వోల్టులు చూపిన తీగ మీకు కావలసినది. దాని నుంచి 2 ఆంపియర్ల చిన్న ఫ్యూజు, స్విచ్చు మీదుగా 86కు తేవాలి, 85ను ఎర్త్ చేయాలి. కొన్ని బండ్లలో ప్లస్ ఉమ్మడిగా ఉండి, హై, లో మారడం ఎర్త్ వైపు జరుగుతుంది. అలాంటప్పుడు హై బీమ్ వేయగానే ఒక తీగలో వోల్టేజి సున్నా వైపు పడిపోతుంది. అప్పుడు ఉమ్మడి ప్లస్‌ను ఫ్యూజు, స్విచ్చు మీదుగా 86కు, వోల్టేజి పడిపోయే తీగను 85కు కలపాలి.

కంపెనీ ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఉన్న బండిలో ఆ తీగల జోలికి వెళ్లకండి. వాటిని కంప్యూటర్ నడుపుతుంది, వారంటీ చిక్కులూ ఉంటాయి. ఫ్యూజు బాక్సులో తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఒక ఫ్యూజుకు పక్క దారి ఇచ్చే ఫ్యూజు ట్యాప్ పెట్టి, అక్కడి నుంచి స్విచ్చుకు తీసుకోండి. ఇలా చేస్తే డిప్పర్‌తో పాటు ఆరవు కాబట్టి స్విచ్చు చెయ్యి చాచకుండా అందే చోట, వెలిగినప్పుడు తెలిసేలా చిన్న దీపం ఉన్నది పెట్టండి. ఎలాంటి బండిలోనైనా, తొడుగు కోసి తీగలోకి గుచ్చుకునే నీలం క్లిప్పులు మాత్రం వాడకండి. ఒక వానాకాలం గడిచేసరికి ఆ గాటులోంచి తుప్పు తీగ పొడవునా పాకుతుంది.

స్విచ్చు వైరు క్యాబిన్‌లోకి రావడానికి ఫైర్‌వాల్‌కు (ఇంజనుకు, క్యాబిన్‌కు మధ్య ఉండే గోడకు) కొత్త రంధ్రం చేయనక్కర్లేదు. క్లచ్ పెడల్ పైభాగంలోనో, కంపెనీ హార్నెస్ వెళ్లేచోటో రబ్బరు గ్రామెట్టు ఉంటుంది. సన్నని జీఐ తీగను ముందు దూర్చి, దానికి వైరు కట్టి మెల్లగా లాగండి. ఇంజను వైపున వైరును గ్రామెట్టు కన్నా కిందికి కొద్దిగా వేలాడేలా వదలండి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, వైరు వెంట క్యాబిన్‌లోకి రాదు. స్టీరింగు రాడ్డుకు, పెడళ్లకు తగలకుండా చూసుకోవడం తప్పనిసరి.

పరీక్ష

ఇప్పుడు ఫ్యూజు పెట్టి, మైనస్ టెర్మినల్ కలిపి, ఇంజను ఆన్ చేసి లైట్లు వేయండి. మల్టీమీటరు ఒక కడ్డీ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది లైటు ప్లస్ మీద పెడితే వచ్చేది దారిలో పోతున్న వోల్టేజి. అది 0.5 వోల్టు లోపు ఉండాలి. అలాగే లైటు మైనస్‌కు, బ్యాటరీ మైనస్‌కు మధ్య 0.2 లోపు ఉండాలి. రెండోది ఎక్కువగా ఉంటే ఎర్త్ బోల్టు విప్పి మళ్లీ రుద్దండి.

అరగంట వెలిగించి ఫ్యూజు హోల్డరు, రిలే, లగ్గులను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్న చోట అతుకు సరిగ్గా లేదు. ఎల్‌ఈడీ లైటు వెనక రెక్కలు మాత్రం వేడెక్కుతాయి, వాటి పనే అది. రేడియోలో గరగర వినిపిస్తే లైటు లోపలి డ్రైవరు (కరెంటును సర్దే సర్క్యూట్) నాసిరకం, దాన్ని తిరిగి ఇచ్చేయడమే మేలు. మూత పెట్టి ఉండగా ఎప్పుడూ వెలిగించకండి, హాలోజెన్ అయితే ప్లాస్టిక్ మూత కరిగిపోతుంది.

బీమ్ సర్దడం

చీకటి పడ్డాక చదునైన నేల మీద గోడకు 8 మీటర్ల దూరంలో బండి నిలపండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, మీరు మామూలుగా మోసేంత బరువు బండిలో ఉండాలి. వెనక బరువు పడితే ముక్కు లేస్తుంది, ఖాళీ బండితో సర్దిన బీమ్ అప్పుడు ఆకాశం చూస్తుంది. ముఖ్యంగా పికప్‌లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

నేల నుంచి లైటు మధ్య భాగం ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తులో టేపు అడ్డంగా అంటించండి. ఒక లైటు గుడ్డతో కప్పి రెండోదాన్ని సర్దండి. వెలుగు మధ్య భాగం టేపుకు 8 సెంటీమీటర్లు కిందికి రావాలి. 8 మీటర్లకు 8 సెంటీమీటర్లంటే నూటికి ఒకటి వాలు. లైటు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఆ వెలుగు మధ్య గీత 70 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. 40 కిలోమీటర్ల వేగానికి మనం వేసుకున్న లెక్కకు ఇది చక్కగా సరిపోతుంది. ఫ్లడ్ లైట్లను కొద్దిగా బయటికి తిప్పితే దారి అంచులు, మలుపు లోపలి భాగం కనిపిస్తాయి. బండికి మరీ దగ్గరి నేల మీద వెలుగు ఎక్కువ పోయకండి. దగ్గర ధగధగలాడితే కంటిపాప కుంచించుకుపోతుంది, దూరం ఇంకా చీకటిగా తోస్తుంది.

సర్దాక బోల్టులు పూర్తిగా బిగించి, నట్టు మీదుగా బ్రాకెట్టు దాకా పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు వదులైతే ఆ గీత విడిపోయి కనిపిస్తుంది.

మొదటిసారి గతుకుల దారికి వెళ్లి వచ్చాక అన్ని బోల్టులూ మరోసారి స్పానర్‌తో చూడాలి. వాగు దాటి వచ్చిన రోజున కనెక్టర్లు విప్పి లోపల తడి ఉందేమో చూడండి. వేడెక్కిన లైటు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే సీలు సందుల నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. కాబట్టి లోతు నీటిలోకి దిగేముందు రెండు నిమిషాలు లైట్లు ఆపి చల్లారనివ్వండి. అద్దం లోపల ఆవిరి పట్టి రెండు రోజులైనా పోకపోతే సీలు పోయిందని అర్థం. ఏటా వానాకాలం ముందు ఎర్త్ బోల్టు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ గ్రీజు పూసి బిగించండి.